పాత సైకిలుకు బ్రేకు రబ్బర్లు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ తాతగారి హెర్క్యులెస్ సైకిలును బాగుచేయించి ఊళ్ళో తిరగడానికి వాడుకోదలచావని విని సంతోషించాను. బ్రేకు రబ్బర్లు ఏవి కొనాలని అడిగావు. దుకాణానికి వెళ్ళేముందు రిమ్మును పరిశీలించు, ఏ రబ్బరు పనికివస్తుందో చాలావరకు అదే చెబుతుంది.

1949లో మద్రాసులో స్థాపించిన టీఐ సైకిల్స్ వంటి సంస్థలు తయారుచేసిన ఆనాటి నల్ల సైకిళ్ళలో చాలావాటికి 28 అంగుళాల చక్రాలు, క్రోమియం పూత గల ఉక్కు రిమ్ములు, కడ్డీ బ్రేకులు ఉంటాయి. కడ్డీ బ్రేకు రబ్బర్లు రిమ్ము పక్కలను పట్టుకోవు. మీట నొక్కగానే కడ్డీ లాగడంతో, చువ్వలకు అటూ ఇటూ ఉన్న రిమ్ము లోపలి అంచులకు వెళ్ళి ఆనుకుంటాయి. ఆ రిమ్ముల పక్కలు గుండ్రంగా ఉంటాయి కనుక, కొత్త సైకిళ్ళ పక్కబ్రేకు రబ్బర్లు ఎంత మంచివైనా వాటికి నప్పవు. కొందరు మెకానిక్కులు బ్రేకునే మార్చేద్దామంటారు. రిమ్ములు కూడా మార్చనిదే ఆ మాట వినవద్దు.

పాత రబ్బరును విప్పి వెంట తీసుకువెళ్ళి, పొడవు, మందం, బోల్టు సైజు సరిపోల్చుకో. మందం ఎక్కువైతే బ్రేకు వదిలినా రబ్బరు రిమ్మును రాసుకుంటూనే ఉంటుంది. దుకాణంలో ఏళ్ళ తరబడి పడి ఉన్న సరుకు చూపుకు కొత్తదిగానే ఉంటుంది గాని, గోటితో నొక్కితే అసలు సంగతి తెలుస్తుంది: నొక్కు పడకుండా గాజులా గట్టిగా ఉన్నా, అంచుల్లో పగుళ్ళు కనిపించినా కొనవద్దు.

నీవు ముఖ్యంగా ఆలోచించవలసింది వాన గురించి. క్రోమియం పూత గల ఉక్కు తడిసినప్పుడు మామూలు రబ్బరు దానిపై జారిపోతుంది, సైకిలు ఆగడానికి పొడి రోడ్డు మీద కంటే చాలా ఎక్కువ దూరం పడుతుంది. అందుకే ఉక్కు రిమ్ముల కోసం తోలు అతికించిన బ్రేకు ముక్కలు కూడా తయారుచేసేవారు. నీ కొలతకు అవి దొరికితే తీసుకో, కాని అల్యూమినియం రిమ్ముకు మాత్రం వాడకు. దొరక్కపోతే మెత్తని రబ్బరే మేలు. త్వరగా అరిగినా చవకే కదా. ఏ ముక్క వేసినా వానలో నెమ్మదిగా వెళ్ళక తప్పదు.

చక్రానికి రెండు వైపులా ఒకేసారి మార్చు. రబ్బరును పట్టి ఉంచే ఇనుప తొడుగుకు ఒక కొస తెరిచి ఉంటే, చక్రం ముందుకు దొర్లేటప్పుడు రిమ్ము కదిలే దిక్కుకు మూసిన కొస ఉండాలి. తిరగేసి బిగిస్తే బ్రేకు వేసిన ఊపుకు రబ్బరు జారి ఊడిపోతుంది. వంకర రిమ్మును ముందే సరిచేయించు. రిమ్ముకు నూనె తగలనీయకు. బిగించాక చక్రాన్ని తిప్పి, రబ్బరు ఎక్కడా చువ్వలకు తగలడం లేదని చూసుకో. నాలుగైదు రోజులు తొక్కాక నట్లు మళ్ళీ బిగించి, రబ్బరులో గుచ్చుకున్న ఇసుక రేణువులను సూదితో తీసివేయి.

ఇట్లు,
మీ మామయ్య