షాపు తరఫున స్వలింగ పెళ్లిళ్లకు మద్దతు పలికితే వ్యాపారం దెబ్బతింటుందా?

మీరు అడిగింది ఇది: కర్నూలులో కొత్తగా కేఫ్ పెట్టారు, జూన్‌లో స్వలింగ వివాహాలకు మద్దతుగా గోడ మీద ఒక పోస్టర్, ఇన్‌స్టాలో ఒక పోస్ట్ పెట్టాలని మీకుంది, పార్ట్‌నర్ మాత్రం గొడవలైపోతాయి వద్దంటున్నాడు, ఎవరి మాట వినాలి అని.

గొడవ అవుతుంది. కాకపోతే మీ పార్ట్‌నర్ ఎక్కడ అవుతుందని భయపడుతున్నాడో అక్కడ అవ్వదు. మా చిన్నాయనకు కడపలో వై.వి. స్ట్రీట్ దగ్గర ఒక సందులో ప్రింటింగ్ ప్రెస్ ఉంది. శుభలేఖలు, బిల్లు బుక్కులు, కరపత్రాలు, ఈమధ్య ఫ్లెక్సీలు కూడా. నేను అక్కడే డీటీపీ చేస్తా, సాయంత్రం లెక్కలు చూస్తా. మేం పడ్డాం కాబట్టి చెప్తున్నా, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది గుర్తుందా? స్వలింగ జంటలకు పెళ్లి చేసుకునే ప్రాథమిక హక్కు రాజ్యాంగంలో లేదని అయిదుగురు జడ్జీలూ అన్నారు, కనీసం పెళ్లి లాంటి ఒక చట్టబద్ధమైన గుర్తింపు అయినా ఇద్దామా అంటే 3-2తో అదీ వద్దన్నారు. ఆ కేసు వేసినవాళ్లలో మొదటి పేరు హైదరాబాద్‌లో ఉండే జంటదే, సుప్రియో, అభయ్. వాళ్లు 2021 డిసెంబర్‌లోనే బంధువుల మధ్య వేడుక చేసుకున్నారు. అంటే రిజిస్ట్రేషన్ ఉండదు గానీ, నలుగురిని పిలిచి భోజనం పెట్టుకుంటే ఆపే చట్టమేదీ లేదు. 2018లో 377 సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, ఇష్టపడి కలిసిన ఇద్దరు పెద్దవాళ్ల స్వలింగ సంబంధం నేరం అనే మాటే లేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మా దగ్గరికి వచ్చి అరిచినవాళ్లలో సగం మంది "కోర్టే వద్దన్నాక మీరెట్లా ఏస్తారు, కేసు పెడతాం" అన్నారు. ఏ కేసు పెడతారో వాళ్లకూ తెలీదు.

ఆ తీర్పు వచ్చిన కొన్నాళ్లకే, పెళ్లిళ్ల సీజన్‌లో, ఒక అబ్బాయి వచ్చాడు. ఊరివాడే, వాళ్ల అక్క పెండ్లి కార్డులు మేమే వేశాం. బెంగళూరులో ఉద్యోగం. ఫోన్‌లో మేటర్ చూపించాడు: ఇద్దరబ్బాయిల పేర్లు, ఇంటిపేర్లతో సహా, "కలిసి బతకాలని నిర్ణయించుకున్నాం, వచ్చి దీవించండి", కింద హైదరాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలు అడ్రసు. ఒక వంద కార్డులు చాలన్నాడు. పైన వినాయకుడి బొమ్మ కావాలన్నాడు. నేను ప్రూఫ్ తీసి చిన్నాయన ముందు పెట్టా. ఆయన కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని రెండుసార్లు చదివి, "భోజనం టైమ్ ఏసినావా? అది లేకపోతే జనం రారు" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. నాకు అప్పుడే టెన్షన్ మొదలైంది గానీ సీజన్ కదా, మిషన్ మీద ఇంకో పది పెండ్లిళ్లు ఉన్నాయి.

బయటపడింది ఎట్లాగంటే నవ్వొస్తుంది. మిషన్ సెట్ చేసేటప్పుడు మామూలు కాయితం మీద ట్రయల్ తీస్తాం, ఆ వేస్ట్ కాయితాలు ఎప్పటి నుంచో సందు చివర మిరపకాయ బజ్జీల బండికి పోతాయి. ఎవరో బజ్జీలు తిని, నూనె మరకల మధ్య పేర్లు చదివి, ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పడేశాడు: "మన కడపలో కూడా మొదలైంది". కార్డు అడుగున మా ప్రెస్ పేరు ఉంటుంది కదా. రాత్రి పదిలోపు మా చిన్నాయన ఉన్న గ్రూపులన్నింటిలోకీ వచ్చేసింది.

ఇక్కడిదాకా అయితే "ఎవరో ఆర్డర్ ఇచ్చారు, ఏసినాం" అని తప్పించుకునేవాళ్లం. ఆయన వాయిస్ మెసేజ్ పెట్టాడు. "ఔనబ్బా, మా ప్రెస్సులోనే ఏసినాం. ఆ పిల్లోళ్లు దొంగతనం చేసినారా, ఒకరి కొంప కూల్చినారా? కలిసి బతుకుతాం, దీవించండి అన్నారు. నాకైతే దాంట్లో తప్పేం కనపడలా." పదిహేను సెకన్లు ఉంటుందేమో. కార్డు మీద వచ్చిన కోపం కంటే ఆ మెసేజ్ మీద వచ్చిన కోపం ఎక్కువ. పని చేసినందుకు పెద్దగా ఎవరూ ఏమీ అనరు, పొట్టకూటి కోసం అనుకుంటారు. తప్పు లేదు అని నోటితో అన్నప్పుడే పక్షం తీసుకున్నట్టు.

ముందు ఫోన్లు. బోర్డు మీద ఉండే నంబరు కౌంటర్‌లో ఆర్డర్లు రాసుకునే అక్క దగ్గర ఉంటుంది. ప్రొద్దుటూరు నుంచి, మైదుకూరు నుంచి, ఎక్కడో బెంగళూరు నుంచి, ఎత్తగానే బూతులు. చిన్నాయన ధైర్యంగా మాట్లాడింది ఒకసారి, దానికి తిట్లు తిన్నది ఆ అక్క, వారం పైగా. ఆఖరికి ఆ సిమ్ తీసి నా ఫోన్‌లో వేసుకున్నా. తర్వాత గూగుల్ రివ్యూలు, వరసగా ఒక్కో స్టార్. ఈ జన్మలో మా షాపు మెట్టెక్కనివాళ్లు "సర్వీస్ బాలేదు", "మర్యాద లేదు" అని రాశారు. ఒకాయన "స్పెల్లింగ్ తప్పులు" అని రాశాడు.

వీటి వల్ల పోయిందేం లేదు నిజానికి. పెద్ద కంపెనీలయితే "ఇది మా సంస్థ అభిప్రాయం" అని ఒక ప్రకటన వదిలి తలుపు వేసుకోవచ్చు. మన ఊళ్లలో షాపుకంటూ వేరే అభిప్రాయం ఉండదు, ఫలానా ఆయన అట్లన్నాడంట, అంతే. కాబట్టి కోపం కూడా షాపు మీదికి రాదు, మనిషి మీదికి, ఆయన ఇంటి మీదికి వస్తుంది. మాకు ఏళ్ల తరబడి పెండ్లి పార్టీలను పంపించే పురోహితుడు ఒకాయన ఆ సీజన్ అంతా ఒక్కరిని పంపలేదు, తిట్టలేదు కూడా, ఊరికే మానేశాడు. షాపు ఓనరు అద్దె కోసం స్వయంగా వచ్చి, కాఫీ తాగి, "ఎందుకు సామీ మనకు ఇవన్నీ" అనేసి పోయాడు. మా చెల్లెలికి అప్పుడే సంబంధాలు చూస్తున్నారు. ఒక పార్టీ మధ్యవర్తిని అడిగిందట, ఆయన అట్లాంటోళ్లకు సపోర్టంట కదా, ఇంట్లో కూడా ఎవరన్నా అట్లా ఉన్నారా అని. ఆ సంబంధం తప్పిపోయింది. జాతకాలు కుదరలేదన్నారు. మా పిన్నమ్మ దేవుని కడప గుడికి పోయే టైమ్ మార్చుకుంది కొన్నాళ్లు. మీ పార్ట్‌నర్ లెక్కలో ఇవి ఉన్నాయా? ఆయన బహుశా అద్దాలు పగలగొడతారేమోనని భయపడుతుంటాడు.

ఇంకో సంగతి. మా దగ్గరికి వచ్చి మొహం మీద అడిగినవాళ్లలో ఎక్కువమంది పట్టుకుంది వినాయకుడి బొమ్మను. "వాళ్లేమన్నా చేసుకోనీ, దేవుడిని ఎందుకు పెట్టినావు?" ఇది విన్నాక నాకు రెండు యాడ్లు గుర్తొచ్చాయి. 2015లో మింత్రా వాళ్ల బట్టల యాడ్ ఒకటి వచ్చింది, ఇద్దరమ్మాయిలు కలిసి ఉంటారు, ఒకరి అమ్మానాన్నలు వస్తుంటే తయారవుతుంటారు. బాగా చూశారు, మెచ్చుకున్నారు. 2021లో డాబర్ వాళ్లు ఫెమ్ బ్లీచ్ కోసం ఇద్దరమ్మాయిలు కర్వా చౌత్ చేసుకుంటున్నట్టు తీశారు, మన అట్లతద్ది లాంటి నోము అది. అంతే, మధ్యప్రదేశ్ హోం మంత్రి యాడ్ తీసేయకపోతే కేసు పెట్టిస్తానన్నాడు, కంపెనీ యాడ్ వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పింది. జంట ఒకటే, మధ్యలోకి వచ్చింది పూజ. మన జనం ఇద్దరు మగపిల్లలు ఒకే రూములో ఉంటే ఫ్రెండ్స్ అనుకుని వదిలేస్తారు, తెలిసి కూడా. అదే శుభలేఖ, ముహూర్తం, దేవుడు వచ్చేసరికి తమ ఇంట్లోకి వచ్చినట్టు అనిపిస్తుంది. నాకు ఆ వాదన నచ్చదు, ఆ అబ్బాయికి కూడా వినాయకుడు దేవుడే కదా. కానీ మంట ఎక్కడ అంటుకుంటుందో మీకు తెలిసి ఉండాలి. కేఫ్‌లో రంగుల పోస్టర్‌కు వచ్చే గొడవ వేరు, పెళ్లిపీటల బొమ్మ గీయిస్తే వచ్చే గొడవ వేరు.

క్షమాపణ గురించి కూడా చెప్పాలి, మా మీద ఒత్తిడి అంతా దానికోసమే. ఒక్క మెసేజ్ పెట్టు, తెలియక జరిగింది అను, అయిపోతుంది అని బంధువులందరూ వెంటపడ్డారు. నేనైతే పెట్టొద్దనే చెప్పాను. వెనక్కి తగ్గినవాళ్లు బాగుపడినట్టు నాకెక్కడా కనపడలేదు. ఆస్ట్రేలియాలో కూపర్స్ అని ఒక బీరు కంపెనీ ఉంది. 2017లో బైబిల్ సొసైటీ వాళ్ల వీడియోలో ఇద్దరు ఎంపీలు ఆ బీరు తాగుతూ స్వలింగ వివాహాల మీద మర్యాదగా వాదించుకుంటారు. కంపెనీ ఎటూ మొగ్గకుండా ఉందామనుకుంది. స్వలింగ వివాహాలు వద్దనేవాళ్ల పక్కన చేరిందనుకుని కొన్ని పబ్బులు ఆ బీరు అమ్మడం మానేశాయి, వెంటనే కంపెనీ ఆ వీడియోతో మాకు సంబంధం లేదంది, స్వలింగ వివాహాల హక్కు కోరే ఉద్యమంలో చేరతామంది, దాంతో అటుపక్కవాళ్లకూ కోపమొచ్చింది. అమెరికాలో చిక్-ఫిల్-ఎ అనే చికెన్ హోటళ్ల గొలుసు సంగతి అటుది. 2012లో దాని అధిపతి స్వలింగ వివాహాలకు వ్యతిరేకంగా మాట్లాడితే ఒకపక్క బహిష్కరణ పిలుపులు, ఇంకోపక్క ఆగస్టు 1న మద్దతుదారులు బారులు తీరి నిలబడి మరీ కొన్నారు, అమ్మకాల్లో అది రికార్డు రోజు. 2019లో, స్వలింగ సంబంధాలను వ్యతిరేకిస్తాయని పేరుపడ్డ సంస్థలకు విరాళాలు ఆపి పద్ధతి మార్చుకుంటున్నామనేసరికి ఆ నిలబడినవాళ్లే ద్రోహం అన్నారు. అట్లన్నా ఇట్లన్నా, ఒక మాట మీద ఉన్నంతకాలం ఒకవైపువాళ్లే తిడతారు.

చిన్నాయన ఏ మెసేజూ పెట్టలేదు. రెండో మాట కూడా మాట్లాడలేదు, అది మంచిదైంది.

మద్దతుదారుల గురించి చెప్పకపోతే అన్యాయం. హైదరాబాద్, బెంగళూరు నుంచి మంచి మాటలు చెప్పినవాళ్లున్నారు, ఒకావిడ దాదాపు అవసరం లేకపోయినా విజిటింగ్ కార్డులు వేయించుకుంది, కొరియర్ ఖర్చు కార్డుల ఖర్చును మించింది. కానీ ఒక పేజీవాళ్లు చిన్నాయన ఫోటో మీద స్వలింగ జంటల హక్కులకు గుర్తుగా వాడే ఇంద్రధనుస్సు వేసి "కడప హీరో" అని పోస్టర్ చేశారు. తిట్లకు ఊగనివాడు దానికి ఊగిపోయాడు. "నేనేమన్నా ఎలక్షన్‌లో నిలబడతాండానా?" అని. ఆ పోస్టర్ వల్ల చల్లబడుతున్న గొడవ మళ్లీ రాజుకుంది.

అన్నింటికంటే ముఖ్యమైనది ఆ అబ్బాయి ఇల్లు. కార్డు మీద ఇంటిపేరు ఉంది. వాళ్ల అమ్మానాన్నలకు కొడుకు సంగతి తెలుసు, వేడుకకు పోవాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు, అది వాళ్ల ఇంటి గుట్టు. బజ్జీల కాయితం వాళ్లకు ఆ టైమ్ ఇవ్వలేదు. మాకు వచ్చినవి ఫోన్లు, వాళ్లకు వచ్చింది పక్కింటివాళ్ల మౌనం. వాళ్లు వేడుకకు పోయారా అంటే, వాళ్ల నాన్న ఒక్కడే పోయాడట, భోజనం దాకా ఉండి వచ్చాడట. ఆ అబ్బాయి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఇప్పుడు ఏ కార్డు ట్రయల్ అయినా బండికి పోనివ్వం, చింపి గోతంలో వేస్తాం.

వ్యాపారం అంటారా, కొన్ని ఆర్డర్లు పోయాయి. సీజన్ గట్టిగా ఉండబట్టి పెద్దగా తెలియలేదు. అడ్వాన్స్ వెనక్కి తీసుకుని మా మొహం మీద నాలుగు మాటలని పోయిన ఒకాయన మళ్లీ వచ్చాడు, ఇంకో చోట కార్డుకు రెండు రూపాయలు ఎక్కువ చెప్పారట. చిన్నాయన పాత రేటుకే వేసిచ్చాడు. పురోహితుడు కూడా తర్వాతి సీజన్‌కు మామూలైపోయాడు. మన ఊళ్లలో మనిషిని చూసి కోపం తెచ్చుకుంటారు, మళ్లీ ఆ మనిషిని చూసే మర్చిపోతారు. మీది కొత్త కేఫ్, మీరెవరో ఊరికి ఇంకా తెలియదు, ఆ రెండోది మీకు అంత త్వరగా జరగకపోవచ్చు. నేనైతే ఒక ఏడాది ఆగి పెట్టమంటా. ఆగలేను అంటే పెట్టండి, కానీ ముందు బిల్లింగ్‌లో కూర్చునేవాళ్లను, టేబుళ్ల దగ్గర పనిచేసే పిల్లలను అడగండి, వాళ్లు వద్దంటే మీ సొంత పేరుతో సొంత అకౌంట్‌లో పెట్టుకోండి. మీ కేఫ్‌కు వచ్చే ఏ జంట ఫోటో కూడా, వాళ్లు సరేనన్నా సరే, పెట్టొద్దు. పోస్ట్ కింద కామెంట్లకు జవాబులు ఇవ్వొద్దు, పెట్టినదాన్ని తీసేయొద్దు.

రివ్యూల విషయం: గూగుల్‌కు రిపోర్ట్ కొడితే కొన్ని పోతాయి, కొన్ని పోవు. మావి చాలావరకు పోయాయి. ఆ "స్పెల్లింగ్ తప్పులు" అన్నది మాత్రం రిపోర్ట్ కొట్టలేదు. ఆయన ఎవరో తెలీదు గానీ, మా పాత కార్డులు చూసినట్టున్నాడు.