నటి ఆగితే వీడియో కూడా ఆగాలి

అమ్మాయ్,

నువ్వు పంపిన ప్లాన్ మొత్తం చదివాను. స్టేజి మీద నటి ఒక్కతే, వెనక తెర మీద ఆమె నీడలే ఆమెకు ఎదురు తిరగడం, ఈ ఆలోచన నాకు చాలా నచ్చింది. ఒక్కటి మాత్రం కంగారు పెట్టింది. వీడియో అంతా ముందే ఎడిట్ చేసి, చివరి వారంలో నటి చేత దానికి తగ్గట్టు ప్రాక్టీస్ చేయిస్తానన్నావు. దయచేసి అలా చేయకు.

ముందే తయారైన వీడియో ఎవరి కోసమూ ఆగదు. ప్రేక్షకులు మనం అనుకోని చోట నవ్వినా, నటికి ఒక మాట దగ్గర ఇంకాస్త మౌనం కావాలనిపించినా, వెనక బొమ్మ తన దారిన తాను వెళ్ళిపోతుంది, ఇక ఆమె నటన వదిలేసి దాన్ని అందుకునే టెన్షన్‌లో పడుతుంది. 1958 బ్రస్సెల్స్ ఎక్స్‌పోలో సినిమానీ స్టేజి నటుల్నీ కలిపిన లాటెర్నా మజికా ప్రదర్శనతో అందరినీ ఆశ్చర్యపరిచిన చెక్ రంగస్థల డిజైనర్ జోసెఫ్ స్వోబోదా కూడా ఈ ఇబ్బందినే చెప్పాడు: ముందే తీసిన సినిమా మారదు, నటుడే దానికి లొంగాలి. 1965లో బోస్టన్‌లో ఇటాలియన్ స్వరకర్త లుయిజీ నోనో ఒపెరాకి ఆయన బొమ్మని అప్పటికప్పుడే తీసి చూపే లైవ్ టీవీ కెమెరాలు వాడాడు. ఇప్పుడు నీకు ఒక మంచి లాప్‌టాప్ చాలు. వీడియోని చిన్న ముక్కలు చెయ్యి, ప్రతి ముక్క చివర ఎంతసేపైనా నిలబడగలిగే లూప్ పెట్టు, తర్వాతి క్యూ, అంటే తర్వాతి ముక్కని మొదలుపెట్టే బటన్, ఆపరేటర్ నటి ఊపిరి చూసి నొక్కాలి. అందుకే ఆపరేటర్ మొదటి రిహార్సల్ నుంచీ మీతోనే ఉండాలి. అతన్ని నీ రెండో నటుడనుకో.

ప్రొజెక్టర్ వెలుగు ఎన్ని ల్యూమెన్లని అందరూ అడుగుతారు గానీ, తెర వెలిసిపోయేది ఎక్కువగా ఎదుటి లైట్ల వల్లే. నటికి పక్కనుంచి లైటు వెయ్యి, ఆమెను తెర నుంచి వీలైనంత ముందుకు జరుపు. నటి కదలికలు పట్టడానికి నువ్వు వాడతానన్న డెప్త్ కెమెరా (దూరాన్ని కొలిచే కెమెరా) ఇన్‌ఫ్రారెడ్ రకమైతే హాలోజన్ లైట్ల కింద తడబడొచ్చు, వాటి వెలుగులో ఇన్‌ఫ్రారెడ్ చాలా ఉంటుంది, కాబట్టి ఇంట్లో బాగా పనిచేసిందని నమ్మకుండా స్టేజి లైట్లన్నీ వేసి పరీక్షించు. కెమెరా చూసింది తెర మీదకి రావడానికి ఎలాగూ కాస్త ఆలస్యమవుతుంది. మామూలుగా అది తలనొప్పే, కానీ నీ కథలో నీడలు మాట వినవు కదా, ఆ ఆలస్యాన్ని దాచకు, వాడుకో!

ఇంకొకటి. ఒక రిహార్సల్ పూర్తిగా ప్రొజెక్టర్ ఆపేసి చేయించు. ఏ సీను నిలబడలేదో ఆ సీను మళ్ళీ రాయి, దానికి ఇంకో ఎఫెక్ట్ వెతక్కు.

ఎడిటింగ్ ఎక్కడిదక్కడ ఆపి ముందు క్యూల జాబితా రాయి. రాయగానే నాకు పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం.