పచ్చళ్ల షాపు వెబ్‌సైట్‌కి ఫొటోలు, వీడియోలు, మ్యూజిక్ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

మీ ప్రశ్న: గుంటూరులో ఇంటి పచ్చళ్ల వ్యాపారం, కొత్తగా వెబ్‌సైట్ చేయిస్తున్నారు, డిజైనర్ "ఫొటోలు, వీడియో మీరే ఇవ్వండి" అన్నారు. గూగుల్‌లో కనబడ్డవి వాడేసుకోవచ్చా, కాకపోతే ఉచితంగా ఎక్కడ దొరుకుతాయి అని.

వాడేసుకోకూడదు. గూగుల్ ఇమేజెస్ చూపించేవి ఎవరెవరి సైట్లలోనో ఉన్న బొమ్మలు. అవి గూగుల్‌వి కావు, వాటిని ఇచ్చే హక్కు గూగుల్‌కి లేదు. పైగా రేపు నోటీసు వస్తే అది డిజైనర్‌కి రాదు, డొమైన్ (సైట్ చిరునామా) ఎవరి పేరున ఉంటే వాళ్లకే వస్తుంది.

వెతకడం మొదలుపెట్టేముందు సైట్‌కి కావలసిన బొమ్మల జాబితా రాసుకుని రెండుగా విడగొట్టండి. మీరు అమ్మే సరుకు ఒక వైపు. మిరపతోట, మామిడికాయలు, నువ్వులు, వంటింటి వాతావరణం లాంటివి ఇంకో వైపు. రెండో రకానికే ఉచిత సైట్లు. మొదటి రకం మీ ఫోన్‌తో మీరే తీయాలి. కారణం కాపీరైట్ ఒక్కటే కాదు. "మ్యాంగో పికిల్" అని ఇంగ్లీషులో కొడితే వచ్చేది ఎక్కువగా ఉత్తరాది అచారు: సోంపు, మెంతి గింజలు పైకి కనిపిస్తూ, పసుపు రంగు నూనెలో. ఆవపిండి ముద్దగా పట్టి, టెంకతో ఉన్న ముక్క మీద నువ్వుల నూనె తేలే ఆవకాయ అక్కడ కనబడదు. అమెరికాలో కూర్చుని ఆర్డర్ పెట్టే తెలుగువాళ్లు ఆ తేడా ఒక్క చూపులో పట్టేస్తారు. గోంగూర ఇంకా తమాషా. దాని ఇంగ్లీషు పేరు "రోసెల్" అని వెతికితే టీ కాచుకునే ఎర్ర పూల డిప్పలే పేజీల కొద్దీ వస్తాయి, ఆకు రాదు. అప్పుడు మొక్క శాస్త్రీయ నామం, హైబిస్కస్ సబ్డారిఫా, దాని పక్కన "లీవ్స్" చేర్చి వికీమీడియా కామన్స్‌లో (వికీపీడియా వాళ్ల ఉచిత బొమ్మల భండారం) వెతకండి. మన కూరగాయలు, ఆకుకూరలు దేనికైనా ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది.

సరుకు ఫొటోలకి కెమెరా కొననక్కర్లేదు. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన బల్ల వేయండి. ట్యూబ్‌లైట్ ఆపేయండి, పగటి వెలుగూ ట్యూబ్‌లైటూ కలిస్తే కారం ఒక పక్క నారింజ రంగులో, ఇంకో పక్క మట్టి రంగులో పడుతుంది. కిటికీకి ఎదురు వైపు ఒక తెల్ల చార్టు పేపరు నిలబెడితే నీడ పలచబడుతుంది. జాడీకి మరీ దగ్గరగా వెళ్లి తీస్తే మూతి ఉబ్బి అడుగు సన్నబడినట్టు వస్తుంది, అందుకే రెండడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తీయండి. స్క్రీన్ మీద పచ్చడి దగ్గర తాకి వెలుతురు కొంచెం కిందికి దించండి. నూనె మెరుపు తెల్లగా కాలిపోతే ఆ తర్వాత ఏ యాప్ కూడా దాన్ని వెనక్కి తేలేదు. స్టీలు పళ్లెం వద్దు, మీ మొహం, ఫోనూ అందులో కనిపిస్తాయి. ఇంట్లోనే తీస్తున్నారు కాబట్టి కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి, లేకపోతే ఇంటి చిరునామా ఫైల్లోనే కూర్చుంటుంది. డిజైనర్‌కి వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపకుండా డాక్యుమెంట్‌గా పంపండి; మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని నలిపేస్తుంది, బ్యానర్‌కి పనికిరాదు. ఐఫోన్ అయితే ఫార్మాట్స్‌లో "మోస్ట్ కంపాటిబుల్" పెట్టండి, లేకపోతే వచ్చే హెచ్‌ఈఐసీ ఫైలు చాలా బ్రౌజర్లలో తెరుచుకోదు.

డబ్బిచ్చి ఫొటోగ్రాఫర్‌తో తీయిస్తే, మన కాపీరైట్ చట్టం 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనంతవరకు ఆ ఫొటోల మొదటి యజమాని తీయించుకున్నవాళ్లే. ఆ "వేరే ఒప్పందం" అనే ముక్క కోసం బిల్లు వెనకాల చిన్న అక్షరాలు చదవండి.

ఇక రెండో రకం. ఇక్కడ లైసెన్స్ అక్షరాలు తెలియకపోతే వెతికి లాభం లేదు. క్రియేటివ్ కామన్స్ అంటే తీసినవాళ్లే కొన్ని షరతులతో అందరికీ ముందుగా ఇచ్చే ఉచిత అనుమతి, షరతులు అక్షరాల్లో ఉంటాయి. అందులో "ఎన్‌సీ" అని ఉంటే వ్యాపారానికి కుదరదు. మీరు ఆ ఫొటోని అమ్మకపోయినా, అమ్మకాల సైట్ మీద పెట్టడమే వ్యాపార వాడకం. "ఎన్‌డీ" అంటే మార్చకూడదు, అంటే దాని మీద ఆఫర్ రాసి బ్యానర్ చేయడం కుదరదు. "బై" అంటే తీసినవాళ్ల పేరు చెప్పాలి. "ఎస్‌ఏ" అంటే మీరు మార్చి తయారుచేసిన బొమ్మని కూడా అదే లైసెన్స్ కింద వదలాలి. మార్చకుండా పేజీలో పెట్టుకుంటే మీ సైట్ మొత్తానికి అది అంటుకోదు. పేరు కూడా అడగనిది సీసీ జీరో. పేరు చెప్పడమంటే పేజీ అడుగున "ఇమేజ్ క్రెడిట్స్: ఇంటర్నెట్" అని రాయడం కాదు. ఫొటో కింద లేదా క్రెడిట్స్ పేజీలో ఫొటో పేరు, తీసినవాళ్ల పేరు, దొరికిన పేజీ లింకు, లైసెన్స్ పేరూ దాని లింకూ, కత్తిరించి ఉంటే "కత్తిరించాం" అనే మాట ఉండాలి.

వికీమీడియా కామన్స్‌లో ఒక సుఖం ఉంది: ఎన్‌సీ, ఎన్‌డీ ఫైళ్లని వాళ్లు అసలు చేర్చుకోరు. మిర్చి యార్డులు, తోటలు, గుళ్లు, పాత రాతప్రతుల దాకా మన ప్రాంతపు బొమ్మలు మిగతా చోట్ల కంటే అక్కడే ఎక్కువ దొరుకుతాయి. ఓపెన్‌వర్స్ చాలా సైట్లలోని క్రియేటివ్ కామన్స్ బొమ్మల్ని, శబ్దాల్ని ఒకేచోట వెతికిపెడుతుంది. పక్కనున్న ఫిల్టర్లలో "కమర్షియల్ వాడకానికి" అన్నది టిక్ చేయడం మరిచిపోవద్దు. అన్‌స్ప్లాష్, పెక్సెల్స్, పిక్సాబే ఫొటోలు వ్యాపారానికి వాడుకోవచ్చు, పేరు చెప్పడం తప్పనిసరి కాదు. వీటికి సొంత లైసెన్సులున్నాయి. అన్‌స్ప్లాష్ 2017లో, పిక్సాబే 2019లో సీసీ జీరో వదిలేశాయి, కాబట్టి "అదంతా సీసీ జీరోనే" అని రాసిన పాత వ్యాసాలు నమ్మకండి. అన్‌స్ప్లాష్‌లో ప్లస్ గుర్తున్నవి డబ్బు కట్టేవి. గూగుల్‌లోనే వెతకాలంటే టూల్స్ నొక్కి యూసేజ్ రైట్స్‌లో క్రియేటివ్ కామన్స్ ఎంచుకోండి. అది కూడా పూచీ కాదు, బొమ్మ ఉన్న సైటు తన గురించి చెప్పుకున్నదాన్నే గూగుల్ చదివి చూపిస్తుంది. అసలు పేజీ తెరిచి చూడాల్సిందే.

ఉచిత సైట్లలో అసలు చిక్కు వేరే ఉంది. ఎవరో వేరేవాళ్ల ఫొటో తెచ్చి తన పేరుతో ఎక్కిస్తారు. సైటు లైసెన్స్ ఇచ్చినా, ఎక్కించినవాడికే హక్కు లేకపోతే ఆ లైసెన్స్ గాలిమాట. కాబట్టి హోమ్‌పేజీలో పెద్దగా పెట్టే ప్రతి ఫొటోని గూగుల్ లెన్స్‌లోనూ టిన్‌ఐలోనూ వేసి చూడండి, ఆ ఫొటో ఇంకా ఎక్కడెక్కడ ఉందో అవి వెతికి చూపిస్తాయి. టిన్‌ఐలో "ఓల్డెస్ట్" అని పేర్చితే అది చూసినవాటిలో పాతది పైకి వస్తుంది. అదే ఫొటో ఏ పెయిడ్ స్టాక్ సైట్‌లోనో (ఫొటోలు అమ్మే సైట్) వేరే పేరుతో ముందునుంచీ ఉంటే వదిలేయండి. ఎక్కించినవాళ్ల ప్రొఫైల్ కూడా చూడండి: ఒకే మనిషి దగ్గర మంచుకొండలు, సర్జరీ, పెళ్లి, పులిహోర అన్నీ నాలుగు రకాల క్వాలిటీల్లో ఉంటే నాకైతే నమ్మకం కుదరదు. మొహం గుర్తుపట్టేలా ఉన్న మనుషుల ఫొటోలకి లైసెన్స్ ఒక్కటే చాలదు, ఆ మనిషి ఒప్పుకోలు కూడా కావాలి. ఎవరో తెలియని పెద్దావిడ ఫొటో పెట్టి "మా బామ్మ చేతి వంట" అని రాస్తే అది కాపీరైట్ సంగతి దాటి అబద్ధపు ప్రకటన అవుతుంది. స్టాక్ సైట్లలో "ఎడిటోరియల్" అని గుర్తున్నవి వార్తలకే, మీకు కాదు.

మనవాళ్లు తరచూ చేసే పని ఒకటుంది: పచ్చళ్ల సైట్, స్వీట్ల సైట్ అనగానే ఒక బాపు బొమ్మ పెట్టేయడం. బాపు 2014లో పోయారు. మన దేశంలో చిత్రకారుడు పోయిన తర్వాత 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది, అంటే 2074 చివరిదాకా. పాతకాలపు దేవతా చిత్రాలు కావాలంటే రాజా రవివర్మ ఉన్నారు. 1906లో పోయారు, ఆయన చిత్రాలకి ఆ అడ్డు లేదు. ఆగస్టు 15 ఆఫర్ బ్యానర్ మీద జెండా, గాంధీ, ప్రధాని బొమ్మలు మాత్రం వద్దు. అది కాపీరైట్ విషయం కాదు, 1950 నాటి ఎంబ్లమ్స్ అండ్ నేమ్స్ చట్టం వ్యాపారానికి వాటిని వాడనివ్వదు.

వీడియోకి పెక్సెల్స్, పిక్సాబే, మిక్స్‌కిట్ చూడండి. మిక్స్‌కిట్‌లో లైసెన్స్ ఐటమ్‌ని బట్టి మారుతుంది, కాబట్టి దాని పక్కనున్నది చదవండి. డౌన్‌లోడ్ చేసేటప్పుడు 4కే ఎంచుకోవద్దు. హోమ్‌పేజీ వెనక తిరిగే వీడియోకి 720పీ, 8 నుంచి 12 సెకన్లు చాలు. వీడియో సైజు తగ్గించే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్ ఉచితం: ఎంపీ4, హెచ్.264, ఆర్‌ఎఫ్ (క్వాలిటీ అంకె) 26 దగ్గర పెట్టి, ఆడియో ట్రాక్ తీసేసి, "వెబ్ ఆప్టిమైజ్డ్" టిక్ చేయండి. ఆ టిక్ లేకపోతే వీడియో వివరాలు ఫైలు చివర ఉండిపోయి, బొమ్మ మొదలవడానికే ఆలస్యం అవుతుంది. ఫైలు 3 ఎంబీ లోపు రావాలి. రాకపోతే సెకన్లు తగ్గించండి. తనంతట తాను ఆడాలంటే డిజైనర్ ఆ వీడియోని మ్యూట్‌లో పెట్టాలి, ఐఫోన్ కోసం "ప్లేస్ ఇన్‌లైన్" (playsinline) చేర్చాలి, లోడయ్యేలోపు కనిపించడానికి ఒక పోస్టర్ ఫొటో ఇవ్వాలి. ఈ మూడూ మరిచిపోతే డిజైనర్ కంప్యూటర్‌లో బాగానే ఉండి, కస్టమర్ ఫోన్‌లో నల్లడబ్బా కనబడుతుంది. నిమిషం దాటిన వీడియోలు మీ సర్వర్‌లో పెట్టకండి, యూట్యూబ్‌లో ఎక్కించి ఎంబెడ్ చేయండి.

శబ్దం గురించి నా మాట ఒక్కటే: పేజీ తెరవగానే పాట మోగించకండి. 2018 నుంచి క్రోమ్ దాన్ని ఎలాగూ ఆపేస్తోంది. మ్యూజిక్ మీరు చేసే వీడియో లోపలే ఉండనివ్వండి. తాలింపులో ఆవాలు చిటపటలాడే చప్పుడు కావాలంటే ఫ్రీసౌండ్‌లో "సిజిల్" అని వెతికి లైసెన్స్ ఫిల్టర్‌లో క్రియేటివ్ కామన్స్ 0 పెట్టండి. అక్కడ ఎన్‌సీవి కూడా కలిసి ఉంటాయి. నిజానికి మీ వంటింట్లో ఫోన్ పెట్టి, ఫ్యాన్ ఆపి రికార్డు చేస్తే ఇంకా బాగుంటుంది. బీబీసీ సౌండ్ ఎఫెక్ట్స్ సైట్‌లో వేల చప్పుళ్లున్నాయి, ఉచితంగా ఇచ్చేది సొంత, చదువు, పరిశోధన అవసరాలకే. పిక్సాబే మ్యూజిక్‌లో కొన్ని పాటలు యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (వీడియోల్లో వాడిన పాటల్ని తనే పట్టుకునే ఏర్పాటు) నమోదై ఉంటాయి. అలాంటివి తీసుకుంటే లైసెన్స్ సర్టిఫికెట్ కూడా డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, క్లెయిమ్ వస్తే అదే చూపించాలి. సినిమా పాట "30 సెకన్ల లోపు అయితే పర్వాలేదు" అన్న నియమం ఏ చట్టంలోనూ లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో పాటతో చేసిన రీల్‌ని దించి సైట్‌లో పెట్టినా తప్పే, ఆ పాట అనుమతి ఆ యాప్ గడప దాటదు. అన్నమయ్య కీర్తన కదా అంటారు. సాహిత్యం ఎవరి సొత్తూ కాదు, కానీ చాలా కీర్తనలకి బాణీలు 20వ శతాబ్దంలో కట్టినవి, పైగా రికార్డింగ్‌కి, అది విడుదలైన దగ్గర్నుంచి 60 ఏళ్ల హక్కు వేరే.

ఫొటోల బరువు చివరిగా. 12 మెగాపిక్సెల్ ఫొటో మామూలుగా 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది. స్క్వూష్‌లో (బ్రౌజర్‌లోనే ఫొటో సైజు తగ్గించే సైట్) తెరిచి, బ్యానర్ అయితే వెడల్పు 1920, సరుకు ఫొటో అయితే 1200 పిక్సెల్స్ పెట్టి, వెబ్‌పీ క్వాలిటీ 75తో దింపండి. చాలావరకు 200 కేబీ లోపు వస్తుంది. ఫైలు పేరు ఐఎంజీ 4021 అని కాక "గోంగూర పచ్చడి అర కిలో" తరహాలో, ఇంగ్లీషు అక్షరాల్లో మధ్యలో గీతలతో పెట్టండి. ఎవరి సైట్ నుంచో బొమ్మ లింకు నేరుగా మీ పేజీలో అతికించనివ్వకండి. వాళ్లు ఫైలు మార్చిన రోజు మీ పేజీలో ఏం కనబడుతుందో మీ చేతిలో ఉండదు.

ఒక ఎక్సెల్ షీట్ తెరిచి ఫైలు పేరు, దొరికిన పేజీ లింకు, తీసినవాళ్లు, లైసెన్స్, దించిన తేదీ రాసుకోండి, ఆ రోజు లైసెన్స్ కనిపించేలా పేజీ స్క్రీన్‌షాట్ ఒక ఫోల్డర్‌లో వేయండి. సైట్లు నియమాలు మారుస్తుంటాయి, ఫొటోలు తీసేస్తుంటాయి, కాబట్టి దించిన రోజు ఏముందో రుజువు మీ దగ్గరే ఉండాలి. "మా ఫొటో వాడారు, డబ్బు కట్టండి" అని మెయిల్ వస్తే కంగారుపడి వెంటనే కట్టకండి, చూడనట్టు ఊరుకోనూ వద్దు. ముందు షీట్ తీయండి. లైసెన్స్ ఉంటే స్క్రీన్‌షాట్‌తో జవాబివ్వండి. లేకపోతే ఫొటో తీసేసి, హక్కు వాళ్లదేనన్న ఆధారం అడగండి. తీసేసినంత మాత్రాన అప్పటిదాకా వాడినది చెల్లిపోదు, అడిగిన మొత్తం పెద్దదైతే లాయర్‌కి చూపించాకే జవాబు రాయండి.