పేరెంట్ వాలంటీర్లకు అవార్డులు పెట్టాలా?

ప్రశ్న: మా పిల్లల స్కూల్లో పేరెంట్ వాలంటీర్లను చూసుకునే బాధ్యత ఈ ఏడాది నాకిచ్చారు. ఏ పనికైనా ఎప్పుడూ అదే ఐదారుగురు వస్తారు. మిగతావాళ్లు గ్రూపులో మెసేజ్ చూసి ఊరుకుంటారు. వచ్చేవాళ్లలో కూడా ఇద్దరు ఈమధ్య మొహం చాటేశారు. అందుకే ఏడాది చివర 'ఉత్తమ వాలంటీర్' అవార్డు, బహుమతులు పెడదామనుకుంటున్నాం. ఉపయోగం ఉంటుందంటారా?

జవాబు: అవార్డు సంగతి పక్కన పెట్టి ముందు ఆ ఇద్దరికీ ఫోన్ చేయండి. ఎందుకు రావట్లేదని నిలదీయడానికి కాదు, పోయినసారి ఏమైనా ఇబ్బంది పడ్డారా అని అడగడానికి. ఇలాంటప్పుడు తరచుగా బయటపడేది ఒకటే: ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చారు, ఏం చేయాలో చెప్పే మనిషి లేక గంటసేపు వరండాలో నిలబడ్డారు, ఈలోగా ఆ పని ఇంకెవరో చేసేశారు, వెళ్లేటప్పుడు 'వచ్చారా, థాంక్సండీ' అన్నవాళ్లు కూడా లేరు. అలా వెనక్కి వెళ్లిన మనిషిని ఏడాది చివర ఇచ్చే మెమెంటో తిరిగి తీసుకురాదు. వాళ్ల టైమ్ వృథా కాకుండా చూడటమే మీరిచ్చే మొదటి గౌరవం. ఎన్నింటికి రావాలి, ఎన్నింటికి వెళ్లిపోవచ్చు, ఎవరిని కలవాలి, ఏం పని, ఈ నాలుగూ ముందురోజే చెప్పేయండి.

ఇక బహుమతులు. ఊరీ గ్నీజీ, ఆల్డో రుస్టికీనీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2000లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. హైస్కూలు పిల్లలు ఇంటింటికీ తిరిగి విరాళాలు వసూలు చేయాలి. కొందరికి పైసా ఇవ్వలేదు, కొందరికి వసూలైనదాంట్లో 1 శాతం, కొందరికి 10 శాతం ఇస్తామన్నారు. అందరికన్నా తక్కువ తెచ్చింది 1 శాతం వాళ్లే, ఎక్కువ తెచ్చింది ఏమీ తీసుకోనివాళ్లు! మెమెంటో డబ్బు కాదు, నిజమే. కానీ ఇష్టంతో చేసే పనికి చిన్న ధర కడితే మనిషి ఆ ధరనే చూడటం మొదలుపెడతాడేమోనన్న భయం నాకు ఇక్కడా ఉంది.

'ఉత్తమ వాలంటీర్' మాత్రం అసలు వద్దు. అది ఎవరికి వస్తుందో ఆలోచించండి, పగలు ఖాళీ ఉన్నవాళ్లకే కదా. ఉద్యోగం, ఇంట్లో పసిబిడ్డ, మంచాన ఉన్న పెద్దవాళ్లు, ఇవన్నీ చూసుకుంటూ రెండు గంటలు వచ్చిన తల్లి మళ్లీ ఓడిపోయినట్టే, ఒక్కరిని పొగడబోయి నలభైమందిని చిన్నబుచ్చినట్టే.

దానికి బదులు పని అయిన ఒకట్రెండు రోజుల్లోనే, ఎవరికి వాళ్లకి, పేరు పెట్టి చెప్పండి. 'అందరికీ ధన్యవాదాలు' అని గ్రూపులో పెడితే అది ఎవరికీ చెందదు. 'మీరు అట్టలు వేసిన లైబ్రరీ పుస్తకాలు నాలుగో తరగతి పిల్లలు అప్పుడే ఇంటికి తీసుకెళ్తున్నారండీ' అని చెప్తే మర్చిపోరు. ఆ మాట క్లాస్ టీచర్ నోట వస్తే ఇంకా మంచిది, కాబట్టి టీచర్లకు గుర్తుచేసే పని మీరు పెట్టుకోండి. అడగడం కూడా అంతే, 'ఎవరైనా రాగలరా' అంటే ఇంకెవరో వస్తారులే అనుకుంటారు, 'మీరు లెక్కలు బాగా రాస్తారట, ఈ ఒక్క ఫంక్షన్ ఖర్చులు చూస్తారా' అంటే ఆలోచిస్తారు. కాదంటే బతిమాలొద్దు. అలాగే ఎప్పుడూ వచ్చే ఆ ఐదారుగురినీ ఈసారి మీరే ఆపండి, అలిసిపోయి వాళ్లంతట వాళ్లు మానేసేదాకా చూడకండి.

వాలంటీర్ పిల్లలకు నాటకంలో మంచి వేషం, ముందు వరస సీటు లాంటివి ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. మిగతా పిల్లల అమ్మానాన్నలు రాలేకపోవడం ఆ పిల్లల తప్పా?

సభ కావాలనుకుంటే డిసెంబరు 5 ఉంది, ఐక్యరాజ్యసమితి 1985లో ప్రకటించిన అంతర్జాతీయ వాలంటీర్ల దినం. చిన్నా పెద్దా తేడా లేకుండా అందరి పేర్లూ, ఎవరు ఏం చేశారో చదవండి. స్టేజీ ఎక్కడం ఇష్టం లేనివాళ్లను లాగకండి, ఫొటో పెట్టేముందు అడగండి. ఇంకొకటి, మళ్లీ ఉద్యోగంలో చేరాలనుకునే తల్లులకు వాళ్లు చేసిన పని వివరంగా రాసి, హెడ్మాస్టర్ సంతకంతో ఒక ఉత్తరం ఇప్పించండి. ఏ బహుమతికన్నా అది అక్కరకొస్తుంది.

ప్రశ్న: నాకు రాత్రి షిఫ్టు, స్కూలుకి వెళ్లలేను. నన్ను వాలంటీర్‌గా లెక్కేస్తారా?

జవాబు: వేయాలి. బడికీ ఇంటికీ మధ్య సంబంధాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన జాయిస్ ఎప్‌స్టీన్ కూడా, ఎక్కడినుంచైనా ఎప్పుడైనా బడికి సాయపడేవాళ్లంతా వాలంటీర్లేనని చెప్పారు. పోస్టర్ డిజైన్, నోటీసులు వేరే భాషలోకి రాసిపెట్టడం, ఫోన్లు చేయడం, ఇలాంటివి మీకు వీలైన టైమ్‌లో చేస్తానని కమిటీకి చెప్పండి, వారానికి ఎంతసేపు ఇవ్వగలరో కూడా ముందే చెప్పేయండి.