లోపల ఒప్పుకోకుండా నగలు తీసేస్తే అది వేషధారణ కాదా?

వందనాలమ్మా. మీ అమ్మ వయసుదాన్ని కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

నీ ప్రశ్న నాకు అర్థమైనది ఇదీ: మీది లూథరన్ కుటుంబం, కుదిరిన సంబంధం పెంతెకొస్తు వాళ్ళది, రెండూ క్రైస్తవ శాఖలే. పెళ్ళికి ముందు నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకోవాలని, కమ్మలు, గాజులు తీసేసి ఆదివారం తెల్లచీరలో రావాలని అంటున్నారు. ప్రభువంటే నీకు నిజమైన ప్రేమే, కానీ నగలు పాపమని మనసు ఒప్పుకోవడం లేదు. ఒప్పుకోకుండానే తీసేస్తే వేషధారణ అవుతుందేమోనని నీ భయం.

ఆ భయం మంచిదే. బైబిల్లో పౌలు రోమీయులకు రాసిన పత్రిక 14వ అధ్యాయం మొత్తం ఒకసారి నెమ్మదిగా చదువు. అక్కడ గొడవ నగల గురించి కాదు, తినే పదార్థాల గురించి, ప్రత్యేకంగా ఎంచే దినాల గురించి. కొందరు అన్నీ తింటున్నారు, కొందరు కూరగాయలే తింటున్నారు. పౌలు ఎవరి అలవాటునూ అందరి మీదా రుద్దలేదు. తినేవాడు తిననివాణ్ణి చులకన చేయకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు అన్నాడు. చివరి వచనంలో ఇంకా గట్టిగా చెప్పాడు, విశ్వాసంతో చేయనిది ఏదైనా పాపమేనని. నీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. నమ్మకం కుదరకుండా, అత్తింటివాళ్ళ మెప్పు కోసం తీసే కమ్మలకు దేవుడి దగ్గర విలువ లేదు.

నేనూ ఈ దారిలోనే వచ్చాను. మాది గుంటూరు పక్క పల్లె. 1842లో అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చాక మా వైపు పెరిగిన లూథరన్ సంఘాల్లో మాదీ ఒకటి. మా అమ్మ తాళిబొట్టు మీద సిలువ గుర్తుండేది. బంగారం గురించి మా ఇంట్లో ఎప్పుడూ చర్చే లేదు. నా పెళ్ళి మాత్రం పెంతెకొస్తు ఇంట్లో కుదిరింది. చూపులకు వచ్చిన మా అత్తగారి ఒంటి మీద గాజు కూడా లేదు. నాన్న మొహమాటపడుతూనే కట్నం సంగతి ఎత్తారు. ఆవిడ ఒక్కటే అన్నారు: "ఒంటి మీద బంగారం వద్దనుకున్నవాళ్ళం అన్నయ్యగారూ, మీ బీరువాలో బంగారం మాత్రం మాకెందుకు?"

ఈ మాట నీకు ఎందుకు చెబుతున్నానంటే, ఆ ప్రాంతంలోనే ఆవిడలాగే తెల్లచీర కట్టి, చెవులు బోసిగా ఉంచుకుని, కోడలి తరఫు నుంచి లక్షలు, పొలం రాయించుకున్న ఇళ్ళు నాకు తెలుసు. కట్నం తీసుకోవడం 1961 చట్టం ప్రకారం నేరం. అయినా "కట్నం కాదు, అమ్మాయికి మీరు ఇష్టంగా ఇచ్చుకునేది" అంటూ ప్రార్థన చేసి మరీ పుచ్చుకుంటారు. ఆడపిల్ల తండ్రిని అప్పుల్లోకి నెట్టిన చేతులతో ఆదివారం రొట్టె విరుచుకుంటారు. మత్తయి సువార్త 23లో యేసు, పైకి తెల్లగా లోపల కుళ్ళుగా ఉండే సున్నం కొట్టిన సమాధులని ఎవరిని అన్నాడో ఆలోచిస్తే నాకు ఇలాంటి ఇళ్ళే గుర్తొస్తాయి. వాళ్ళు సంఘానికి రావడం మానరు, ఉపవాసాలు మానరు. డబ్బు దగ్గర మాత్రం దేవుడి మాట వినరు.

మా అత్తగారు నన్ను కమ్మలు తీయమనలేదు. "నీకు నమ్మకం కుదిరితే తియ్యి. నాకోసం తియ్యొద్దు" అన్నారు. సంఘంలో ఒకామె నా చెవుల వైపు చూసి ఏదో అంటే, "ఆ పిల్లకీ ప్రభువుకీ మధ్య సంగతి అది" అని ఆవిడే అడ్డుకున్నారు. కొన్నేళ్ళ తర్వాత నా అంతట నేనే తీసేశాను. ఆ అనుభవాన్ని సంఘం ముందు సాక్ష్యంగా చెప్పమని పాస్టర్‌గారు అడిగారు గానీ, చెప్పలేదు. మా అమ్మాయి మాత్రం కమ్మలు పెట్టుకుంటుంది. ఆమె విశ్వాసం నాకంటే తక్కువని నేను ఎన్నడూ అనుకోలేదు.

అలాగని బయటి క్రమాన్ని తేలిగ్గా కొట్టిపారేయకమ్మా. నేను చూసిన ఒక మేలు చెబుతాను. కూలికి వెళ్ళే అమ్మ, టీచరమ్మ, ఆఫీసరు భార్య అందరూ ఒకేలా కూర్చునే సంఘంలో, మెడలో ఏమీ లేదని ఎవరూ సిగ్గుపడి ఇంట్లో ఉండిపోరు. మా ఊరి లూథరన్ గుడిలో క్రిస్మస్‌కి కొత్త పట్టుచీర లేదని రాకుండా ఆగిపోయినవాళ్ళున్నారు. కోతల పండుగకి ఎవరెంత ఇచ్చారో మైకులో పేరు పెట్టి చదివేవాళ్ళు. వంద రూపాయలిచ్చినామె తల వంచుకుని వెళ్ళిపోయేది. దానం చేసేటప్పుడు ముందు బూర ఊదించుకోవద్దని మత్తయి 6లో ఉన్నా ఆ చదవడం ఆగలేదు. కాబట్టి పైపై భక్తి పెంతెకొస్తు వాళ్ళదే, మనది అసలైనది అనుకోవడానికి వీల్లేదు.

"నా మనసు దేవుడికి తెలుసు" అనే మాట కూడా జాగ్రత్తగా వాడాలి. మా బంధువుల్లో గుడ్ ఫ్రైడేకి, క్రిస్మస్‌కి తప్ప గుడి మొహం చూడనివాళ్ళు అనే మాట ఇదే. లోపల నిజంగా ఉంటే అది ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. చెవుల దగ్గరే పడాలని లేదు. పనిమనిషి జీతం దగ్గర, తీర్చాల్సిన అప్పు దగ్గర, కోపం వచ్చినప్పుడు నోటి దగ్గర పడుతుంది.

నీకు తప్పకుండా చూపించే వచనాలు రెండున్నాయి, ముందే చదివి ఉంచుకో. 1 తిమోతి 2:9లో స్త్రీలకు అలంకారంగా వద్దన్నవాటిలో బంగారంతో పాటు జడలు, ముత్యాలు, ఖరీదైన బట్టలు కూడా ఉన్నాయి. కమ్మలు తీయించి వేల రూపాయల తెల్ల పట్టుచీర కట్టేవాళ్ళకు అందులో సగమే వినబడిందన్నమాట. జడలు, బంగారు నగల పైపై అలంకారం వద్దనే 1 పేతురు 3:3 కోడళ్ళకు చదివి వినిపిస్తారు. అదే అధ్యాయంలో 7వ వచనం భర్తలకు రాసింది. భార్యను గౌరవించకపోతే ప్రార్థనలకు అడ్డు వస్తుందని ఉంది. అది మగవాళ్ళ కూటాల్లో ఎంత తరచుగా బోధిస్తారో ఆ అబ్బాయినే అడుగు.

నన్నడిగితే, నువ్వు ముందు తేల్చుకోవాల్సింది నగల సంగతి కాదు. అబ్బాయితో నేరుగా మాట్లాడు. కట్నం గురించి అతని ఉద్దేశం ఏమిటి? నేను ఇప్పుడు నగలు తీయనంటే మీ అమ్మగారి ముందు నా పక్కన నిలబడతావా అని అడుగు. బాప్తిస్మం గురించి పాస్టర్‌గారితో విడిగా కూర్చో. నీకు కలగని అనుభవాన్ని సాక్ష్యంగా చెప్పనని ముందే చెప్పెయ్యి. నీకు నిజంగా నమ్మకం కుదిరి తీసుకుంటే సంతోషంగా తీసుకో, నగలు కూడా అప్పుడే తీయాలనిపిస్తే తీసెయ్యి. పెళ్ళి కోసం మాత్రమే అయితే ఆగమ్మా, తొందరేం లేదు. ఈ మాటలన్నీ ముహూర్తం కార్డులు అచ్చు వేయించక ముందే జరగాలి. మాట్లాడేటప్పుడు మీ నాన్నగారిని కూడా వెంట తీసుకెళ్ళు.