పొట్టలో బ్యాక్టీరియా వేరు, అరగని అన్నం వేరు

నాయనా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. ఎండోస్కోపీలో హెచ్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందని తేలిందట, పద్నాలుగు రోజులు మందులు వాడితే కడుపు బాధ మొత్తం పోతుందని నువ్వు సంబరంగా ఉన్నావట. మందులు మొదలుపెట్టే ముందే ఇది నీకు చేరాలని రాత్రే కూర్చుని రాస్తున్నాను.

ఎండోస్కోపీ గదిలో నర్సుగా చాలా ఏళ్లు చేశాను కదా. డాక్టరు పొట్ట లోపలి పొర నుంచి బియ్యపు నూకంత ముక్క తీసిస్తే, పసుపు రంగు జెల్ ఉన్న చిన్న కిట్‌లో పెట్టేదాన్ని. బ్యాక్టీరియా ఉంటే యూరియాను విడగొట్టి అమ్మోనియా చేస్తుంది, పసుపు కాస్తా గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ మాట చెప్పగానే బయట బెంచీ మీద వాళ్ల మొహాలు వెలిగేవి, రోగం దొరికిందని. నాకు అక్కడే దిగులు. మన దేశంలో పెద్దవాళ్లలో సగం మందికి పైనే ఈ బ్యాక్టీరియా ఉంటుందని అంచనా. వాళ్లలో ఎక్కువమందికి ఏ బాధా ఉండదు.

నీకేమో రెండు ముద్దల సంగటికే కడుపు నిండిపోతుంది, మధ్యాహ్నం తిన్నది సాయంత్రమైనా బరువుగానే ఉంటుంది. ఇది పొట్ట కదలిక సంగతి. అన్నం రాగానే పొట్ట పైభాగం సాగి చోటివ్వాలి. కింది భాగం నిమిషానికి మూడుసార్లు ముడుచుకుంటూ రుబ్బి, మెత్తబడినదాన్ని కొంచెం కొంచెంగా పేగులోకి వదలాలి. పైది సాగకపోతే తొందరగా నిండుతుంది, కిందిది మందగిస్తే తిన్నది నిలిచిపోతుంది. పుండు లేకుండా అజీర్తితో బాధపడేవాళ్లలో సుమారు మూడోవంతు మందికి పొట్ట ఆలస్యంగా ఖాళీ అవుతుంది. దానికి బ్యాక్టీరియానే కారణమేమోనని ఎన్నో పరిశోధనలు జరిగాయి. అది ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఆ వేగంలో నిలకడైన తేడా దొరకలేదు.

అలాగని మందులు మానమనడం లేదు, తప్పకుండా వాడు. చాలా పుండ్లకూ, కొందరిలో క్యాన్సరుకూ ఆ బ్యాక్టీరియానే మూలం. నేను నర్సింగ్ చదివే రోజుల్లో పుండంటే టెన్షన్, కారం అనే చెప్పేవాళ్లు. 1982లో ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ ఈ బ్యాక్టీరియాను పెంచి చూపించాక ఆ పాఠం మారింది. 2005లో వాళ్లకు నోబెల్ వచ్చింది. అజీర్తి మాత్రం ఈ కోర్సు వల్లే తగ్గేది పది పదిహేను మందిలో ఒకరికి. అదీ నెలల మీద తెలుస్తుంది.

మీ పెద్దనాయన సంగతి నీకు తెలియదు. ఐదో రోజుకు నోరంతా ఇనుము చప్పరించినట్టుందని బిళ్లలు ఆపేశారు. తర్వాత శ్వాస పరీక్ష చేయిస్తే బ్యాక్టీరియా అలాగే ఉంది. మళ్లీ వేరే యాంటీబయాటిక్స్‌తో మొదటి నుంచీ వాడాల్సి వచ్చింది. ఈసారి పోయింది, కడుపు బరువు మాత్రం పోలేదు. ఏదో పెద్ద జబ్బు దాస్తున్నారని ఆయన అన్నమే తగ్గించేశారు. ఆ రెండు నెలలు నేను పడ్డ బాధ నీ భార్య పడకూడదు.

అందుకే ఒక్క పూట కూడా తప్పకుండా కోర్సు పూర్తి చెయ్. అందులో మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఉంటే తాగుడు జోలికి పోవద్దు. అయిపోయిన నాలుగు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించు. ఆ పరీక్షకు రెండు వారాల ముందే డాక్టరుకు చెప్పి గ్యాస్ బిళ్లలు ఆపాలి, లేకుంటే బ్యాక్టీరియా ఉన్నా లేదని రావచ్చు.

కదలికకు వేరే జాగ్రత్త కావాలి. సంగటిని తిట్టుకోకు, దాని పక్కన నూనె తేలే నాటుకోడి పులుసును తగ్గించు. నూనె, కొవ్వు పొట్టను నెమ్మది చేస్తాయి. ఉగ్గాని తిను, బజ్జీలు వదిలెయ్. మూడు పూటలది ఐదు పూటలు చేసుకుని కొంచెం కొంచెంగా, నమిలి తిను. రాత్రి తిన్నాక రెండు మూడు గంటలు పడుకోవద్దు. షుగర్ కూడా చూపించుకో, ఏళ్ల తరబడి అదుపు తప్పితే అది కూడా పొట్టను మందగింపజేస్తుంది. కదలిక పెంచే బిళ్లలు భోజనానికి ముందు వేసుకోవాలి, డాక్టరు చెప్పినన్నాళ్లే. అలాంటి బిళ్లే అయిన లెవోసల్పిరైడ్‌ను షాపులో సొంతంగా కొని నెలల తరబడి మింగి, చేతులు వణుకుతూ వచ్చినవాళ్లను చూశాను.

మలం తారులా నల్లగా వచ్చినా, రక్తం కక్కినా, బరువు తగ్గుతున్నా, ముద్ద గొంతు దిగకపోయినా వెంటనే ఆసుపత్రికి పో. కోర్సులో బిస్మత్ అనే మందు ఉంటే దానివల్ల కూడా మలం నల్లబడుతుంది, ముందే అడిగి పెట్టుకో.

నీ కోర్సు ముగిసే తేదీ మీ అమ్మను అడిగి క్యాలెండర్ మీద రాసుకున్నాను. దానికి నాలుగు వారాలకు కర్నూలుకు రా, పరీక్షకు నేనే తోడు వస్తాను.

మీ పెద్దమ్మ