ప్రోస్టేట్ మాత్రలు మానేద్దామనుకుంటే ముందు ఇది చదువు

తమ్ముడూ,

ఏళ్ల తరబడి మింగి విసుగొచ్చింది, ఇక మానేస్తానని నువ్వు ఫోన్లో అన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. మానకూడదని కాదు, నేనూ మానాను. కాకపోతే డాక్టరుకి చెప్పి, నేను వాడే రెండు మందుల్లో ఒకటే మానాను.

ముందు స్ట్రిప్ వెనక చదువు. టామ్సులోసిన్, డ్యూటాస్టరైడ్ అని రెండు పేర్లుంటే అవి రెండూ ఒకేలా పనిచేసేవి కావు. టామ్సులోసిన్ ప్రోస్టేట్‌లో, మూత్రసంచి మెడ దగ్గర బిగిసిన కండరాన్ని వదులు చేస్తుంది. కొద్ది రోజుల్లోనే ధార బాగవుతుంది, మానేస్తే అంతే త్వరగా తేడా తెలుస్తుంది. డ్యూటాస్టరైడ్ పెరిగిన ప్రోస్టేట్ గ్రంథినే కుదిస్తుంది, దానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది, మానినా వెంటనే ఏమీ తెలీదు, నెలలు గడిచేకొద్దీ గ్రంథి మళ్లీ పెరుగుతుంది. అందుకే మానిన నెలకి హాయిగా ఉంది కదా అని నమ్మేయకు. ఆరు నెలలు రెండూ వాడాక టామ్సులోసిన్ ఒక్కటీ ఆపి చూడటం ఉంది, బాధ మరీ ఎక్కువ లేనివాళ్లలో చాలామందికి ఏ ఇబ్బందీ రాదు.

చిత్తూరు నుంచి నీకు వేలూరు దగ్గరే, అక్కడ సీఎంసీ ఆసుపత్రికి పో, లేదంటే తిరుపతి రా, స్విమ్స్ ఆసుపత్రికి నేను తోడొస్తా. మూత్రం పోశాక సంచిలో ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూస్తారు. ఎక్కువ మిగులుతున్నా, ఇంతకుముందు మూత్రం ఆగిపోయి ట్యూబు వేయాల్సి వచ్చినా మానడం మాటే వద్దు. పీఎస్ఏ (ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) చేస్తే డ్యూటాస్టరైడ్ వాడుతున్నట్టు తప్పకుండా చెప్పు, అది ఆ అంకెని దాదాపు సగానికి దించుతుంది, అంటే రిపోర్టులో 3 అని ఉంటే అసలు లెక్క 6 దగ్గరన్నమాట.

మానే ముందు మూడు రోజులు రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావో తేదీ వేసి రాసిపెట్టు, మానాక కూడా రాయి. జలుబు చేస్తే షాపులో అడిగి మాత్ర వేసుకోవద్దు, మూత్రాన్ని ఆపేసే మందులు వాటిల్లో ఉంటాయి. పొత్తికడుపు ఉబ్బి, నొప్పి పుట్టి, చుక్క కూడా రాకపోతే అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి పో, తెల్లారనీ అని కూర్చోకు. మానిన టామ్సులోసిన్ కొన్నాళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టాలన్నా డాక్టర్ని అడిగే మొదలుపెట్టు, బీపీ పడిపోయి లేవగానే కళ్లు తిరగొచ్చు. శుక్లాల ఆపరేషన్ చేయించుకుంటే, ఎప్పుడో మానేసినా సరే, టామ్సులోసిన్ వాడిన సంగతి కంటి డాక్టరుకి చెప్పాలి.

ఎప్పుడొస్తావో చెప్పు. పాత స్కానింగ్ రిపోర్టులు, ఇప్పుడు వాడుతున్న బీపీ, షుగర్ మాత్రల స్ట్రిప్పులు అన్నీ ఒక కవర్లో వేసుకుని రా. అప్పటిదాకా ఏదీ ఆపకు.

అన్న